నడిసముద్రంలో నెట్ ఎందుకు సతాయిస్తుంది? షిప్ వైఫై వెనకాల ఉన్న లెక్కలు

క్రూజ్ కంపెనీల ప్రకటనలు చూస్తే ఇంక షిప్‌లో నెట్ సమస్యే లేదన్నట్టు ఉంటుంది, స్టార్‌లింక్ (స్పేస్‌ఎక్స్ కంపెనీ శాటిలైట్ నెట్) వచ్చేసింది, సినిమాలు చూసుకోండి, ఇంటికి వీడియో కాల్ చేసుకోండి అని. అదే షిప్ దిగొచ్చినవాళ్ళని అడగండి, ఒకళ్ళు మా ఇంట్లో వైఫై కన్నా బాగుంది అంటారు, ఇంకొకళ్ళు నాలుగు రోజులు వాట్సాప్‌లో ఒక్క ఫొటో పోలేదు, డబ్బులు దండగ అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకుని సియాటిల్ నుంచి అలాస్కాకో ఫ్లోరిడా నుంచి బహామాస్‌కో తీసుకెళ్ళడం మన ఇళ్ళల్లో ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి ఈ గొడవ మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తరచుగా నడుస్తోంది, ఏ కంపెనీ నెట్ మంచిది అని.

అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. "నెట్ బాలేదు" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ దాని కింద వేరే వేరే జబ్బులు ఉన్నాయి. శాటిలైట్ దూరం ఒకటి, వేల మంది పంచుకోడం ఒకటి, కొండలూ ఇనుప గోడలూ ఒకటి, దేశాల చట్టాలు ఒకటి, కంపెనీ అమ్మే ప్యాకేజీ ఇంకొకటి. స్టార్‌లింక్ వీటిలో మొదటిదాన్ని దాదాపు తీర్చేసింది, రెండోదాన్ని కొంత తీర్చింది, మిగతావి చాలావరకు అలాగే ఉన్నాయి.

## మన మెసేజ్ ఏ దారిన పోతుంది

ఊళ్ళో అయితే ఫోన్ నుంచి టవర్‌కి, టవర్ నుంచి భూమిలో ఫైబర్‌కి పోతుంది. సముద్రం మీద టవర్ లేదు, ఫైబర్ లేదు. సముద్రం అడుగున కేబుళ్ళు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి, కానీ కదిలే షిప్ వాటికి తగిలించుకోలేదు. అందుకని ఫోన్ నుంచి షిప్‌లో వైఫై బాక్స్‌కి, అక్కడ్నుంచి పైడెక్ మీదున్న యాంటెన్నాకి, దాన్నుంచి శాటిలైట్‌కి, శాటిలైట్ నుంచి ఏదో దేశంలో నేల మీదున్న గ్రౌండ్ స్టేషన్‌కి, అప్పుడు మామూలు ఇంటర్నెట్‌లోకి. జవాబు మళ్ళీ ఇదే దారిలో వెనక్కి.

షిప్ పైన పెద్ద తెల్ల గుండ్లు కనిపిస్తాయి చూడండి, వాటి లోపల డిష్‌లు ఉంటాయి. షిప్ ఎంత ఊగినా, ఎటు తిరిగినా ఆ డిష్ మోటార్లతో కదులుతూ ఆకాశంలో ఒకే చోటికి గురిపెట్టి ఉంటుంది. పొగగొట్టం గానీ మాస్ట్ గానీ మధ్యలో అడ్డం వస్తే ఇంకో వైపు గుండు పని అందుకుంటుంది. స్టార్‌లింక్‌కి ఈ గుండ్లు అక్కర్లేదు, పళ్ళెం లాంటి చదును యాంటెన్నాలు, కదలకుండానే తమ కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పుకుంటాయి.

ఇక్కడ రెండు మాటలు విడివిడిగా పట్టుకోవాలి, లేకపోతే తర్వాత అంతా కలగాపులగం అయిపోతుంది. బ్యాండ్‌విడ్త్ అంటే సెకనుకి ఎంత డేటా పడుతుంది అన్నది, ఎంబీపీఎస్‌లో (సెకనుకి ఎన్ని మెగాబిట్లు అని) చెప్తారు. లేటెన్సీ అంటే ఒక చిన్న ముక్క వెళ్ళి జవాబు తిరిగి రావడానికి పట్టే టైము. డేటా బోలెడంత పడుతున్నా జవాబు రావడం ఆలస్యం కావొచ్చు, జవాబు చకచకా వస్తున్నా డేటా చాలకపోవచ్చు.

## పాత శాటిలైట్లతో వచ్చిన తంటా: దూరం

చాలా ఏళ్ళు షిప్పులన్నీ భూస్థిర కక్ష్యలో ఉండే శాటిలైట్ల మీదే నడిచాయి. ఇవి భూమధ్యరేఖకి సరిగ్గా పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, భూమితో సమానంగా తిరుగుతాయి కాబట్టి కింద నుంచి చూస్తే ఒకేచోట ఉన్నట్టు ఉంటాయి. మన మేడల మీద టీవీ డిష్ ఒకసారి బిగిస్తే మళ్ళీ కదపక్కర్లేదు అన్నది ఇందుకే.

లెక్క వేసి చూద్దాం. మనం పంపింది పైకి ఒకసారి, కిందకి ఒకసారి, జవాబు మళ్ళీ పైకీ కిందకీ, మొత్తం నాలుగు అంచెలు. 35,786 నాలుగుసార్లు అంటే 1,43,144 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 0.48 సెకను. మధ్యలో మెషీన్లు తినే టైము కలిపితే 0.6 దాకా వస్తుంది. డబ్బు ఎంత పోసినా, ఎంత మంచి డిష్ పెట్టినా ఆ 0.48 మాత్రం తగ్గదు, కాంతి వేగాన్ని ఎవరూ పెంచలేరు కదా.

అర సెకను ఏమంత పెద్ద విషయం అనిపిస్తుంది. కానీ ఒక వెబ్‌సైట్ తెరిచినప్పుడు ఫోన్ ఒక్కసారే అడిగి ఊరుకోదు. ముందు ఈ సైట్ అడ్రస్ ఏంటి అని ఒకసారి, సర్వర్‌తో కనెక్షన్ పెట్టుకోడానికి ఒకసారి, తాళం వేసుకోడానికి అంటే ఎన్‌క్రిప్షన్‌కి ఒకసారి, అప్పుడు అసలు పేజీ ఇవ్వమని ఒకసారి, మామూలుగా నాలుగుసార్లు పోయి రావాలి. నాలుగు 0.6లు అంటే 2.4 సెకన్లు, ఇంకా స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. ఆ పేజీలో ఇంకో పది చోట్ల నుంచి ప్రకటనలు, బొమ్మలు, ఫాంట్లు రావాలి, ఒక్కోదానికీ మళ్ళీ ఇదే తంతు. మధ్యలో ఒక ముక్క పోయిందనుకోండి, పోయిందని తెలియడానికే అర సెకను పైన పడుతుంది. కొన్ని యాప్‌లు ఈలోపు విసుగెత్తి "కనెక్షన్ లేదు" అని చెప్పేస్తాయి, నిజానికి కనెక్షన్ ఉంది, జవాబు దారిలో ఉంది అంతే.

## కింద తిరిగే శాటిలైట్లు వచ్చాక మారింది ఏంటి

ఈ దూరాన్ని తగ్గించాలని మొదట గట్టిగా చేసిన ప్రయత్నం ఓ3బీ. 8,062 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు, 2013లో మొదటివి ఎగిరాయి. ఆ ఎత్తులో నాలుగు అంచెలు కలిపి 32 వేల కిలోమీటర్ల పైచిలుకు, సుమారు 0.11 సెకను, వాడుకలో 0.15 దగ్గర. రాయల్ కరీబియన్ వాళ్ళు పెద్ద షిప్పుల్లో దీన్ని పెట్టుకున్నారు, అప్పట్లో సముద్రం మీద అదే మేలు రకం.

తర్వాత స్టార్‌లింక్. ఎత్తు సుమారు 550 కిలోమీటర్లు. నాలుగు అంచెలు 2,200 కిలోమీటర్లే, అంటే ప్రయాణానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు, మిగతా దారి అంతా కలిపినా చాలాసార్లు 0.03 నుంచి 0.06 సెకను లోపు. పైన చెప్పిన నాలుగు రౌండ్ల వెబ్‌సైట్ 2.4 సెకన్ల బదులు పావు సెకను లోపే కదలడం మొదలెడుతుంది. స్పీడ్ ఎన్ని ఎంబీపీఎస్ అని చూడకుండానే "అబ్బ, నెట్ బాగైంది" అని జనం అనేది ఈ తేడాకే.

కానీ అంత కిందున్న శాటిలైట్‌కి కనిపించే నేల తక్కువ. నడి పసిఫిక్ మీదున్న శాటిలైట్‌కి కిందంతా నీళ్ళే, గ్రౌండ్ స్టేషన్ ఎక్కడుంది? 2022 జులైలో స్టార్‌లింక్ షిప్పుల సర్వీస్ మొదలైనప్పుడు తీరాల దగ్గరే ఎక్కువగా పనిచేసింది అందుకే. దీనికి మందు లేజర్లు, ఒక శాటిలైట్ ఇంకో శాటిలైట్‌కి లేజర్‌తో అందిస్తుంది, అది ఇంకోదానికి, అలా ఎక్కడో గ్రౌండ్ స్టేషన్ కనిపించేదాకా పోయి అక్కడ దింపుతారు. లేజర్లున్న శాటిలైట్లు పెరిగేకొద్దీ నడిసముద్రంలో ఖాళీలు పూడాయి. రాయల్ కరీబియన్ 2022 ఆగస్టులో తమ షిప్పులన్నిటికీ స్టార్‌లింక్ పెడతామంది, అదే ఏడాది డిసెంబరులో కార్నివాల్ కూడా అదే బాట పట్టింది.

మరి ఇంకేం, పాతవన్నీ పీకి పారేయొచ్చు కదా? ఇక్కడ రెండు వాదనలు ఉన్నాయి. ఒకటి, ఇంత తక్కువ లేటెన్సీ ఇచ్చేది ఉండగా ఖరీదైన పాత డిష్‌లు ఎందుకు అన్నది. రెండోది, ఒక్కళ్ళ మీదే ఆధారపడితే వాళ్ళది పడిపోయిన రోజు ఏంటి అన్నది. ఈ రెండోది ఊహ కాదు, 2025 జులై 24న స్టార్‌లింక్ ప్రపంచమంతా రెండున్నర గంటల దాకా ఆగిపోయింది. ఓ3బీ నడిపే ఎస్‌ఈఎస్ కంపెనీ అయితే 2023లోనే తమ శాటిలైట్లూ స్టార్‌లింకూ కలిపి ఒకే సర్వీస్‌గా షిప్పులకి అమ్మడం మొదలెట్టింది. తీరం దగ్గరున్నప్పుడు 4జీ, 5జీ కూడా కలుపుకునే షిప్పులున్నాయి. నాకు రెండో వాదనే సబబుగా అనిపిస్తుంది, ఎందుకంటే షిప్‌లో నెట్ ప్రయాణికుల సరదాకి ఒక్కదానికే కాదు, వాతావరణ సమాచారం, ఇంజన్ లెక్కలు, కార్డు పేమెంట్లు, డాక్టర్‌తో సంప్రదింపులు అన్నీ ఇందులోంచే పోవాలి.

## లేటెన్సీ తగ్గినా సాయంత్రం నెట్ ఎందుకు చచ్చిపోతుంది

లాస్ ఏంజెలెస్ నుంచి హోనొలులు షిప్ మీద వెళ్ళారనుకోండి. దారి సుమారు 2,200 నాటికల్ మైళ్ళు, షిప్ 20 నాట్స్ స్పీడులో, అంటే గంటకి 20 నాటికల్ మైళ్ళు పోతే 110 గంటలు, నాలుగున్నర రోజులు. ఆ నాలుగున్నర రోజులూ ఎక్కడా రేవు లేదు, దిగేది లేదు, అందరూ షిప్‌లోనే. అంటే నెట్ మీద ఒత్తిడి కూడా రోజంతా అందరిదీ.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. షిప్‌లో 3,000 మంది ప్రయాణికులు, 1,200 మంది సిబ్బంది. షిప్ మొత్తానికి 600 ఎంబీపీఎస్ వస్తోంది. వింటే చాలా పెద్ద నంబర్, ఇంట్లో మనకి 100 ఉంటేనే గొప్ప. రాత్రి భోజనాలయ్యాక 1,500 ఫోన్లు ఒకేసారి గట్టిగా వాడుతున్నాయంటే తలా 0.4 ఎంబీపీఎస్. మెసేజ్‌లకి బ్రహ్మాండంగా సరిపోతుంది, ఫొటో కాస్త నిదానంగా పోతుంది, వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది. ఇంకో రకంగా చూడండి, ఫుల్ హెచ్‌డీ సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, అంటే 120 మంది సినిమా పెడితే 600 అయిపోయింది, మిగతా 1,380 మందికి ఏం మిగల్లేదు. ఎండాకాలం పొద్దున్నే అపార్ట్‌మెంట్‌లో అన్ని ఫ్లాట్లవాళ్ళూ ఒకేసారి కుళాయి తిప్పితే ట్యాంకు నిండుగా ఉన్నా పై అంతస్తులో ధార సన్నబడుతుంది, అదే పద్ధతి.

అందుకే ప్రతి షిప్‌లోనూ లోపల ఒక పోలీసింగ్ నడుస్తుంది. షిప్ సొంత పనులకి ముందు వాటా, ఖరీదైన ప్యాకేజీ వాళ్ళకి తర్వాత, వీడియో క్వాలిటీ తగ్గించేయడం, పెద్ద అప్‌డేట్లని ఆపేయడం. పైకి పంపే దారి మరీ ఇరుకు, శాటిలైట్‌లో అప్‌లోడ్ మామూలుగా డౌన్‌లోడ్ కన్నా తక్కువే, కాబట్టి అందరూ సూర్యాస్తమయం రీల్ ఒకేసారి ఎక్కిస్తుంటే డౌన్‌లోడ్ బాగానే ఉండి అప్‌లోడ్ మాత్రం మొరాయిస్తుంది. ఇదే షిప్ రేవులో ఆగిన రోజు, సగం జనం ఊరు చూడ్డానికి దిగిపోతే, షిప్‌లో మిగిలినవాళ్ళకి నెట్ ఒక్కసారిగా పరుగులు పెడుతుంది. తెల్లవారుజాము మూడింటికీ అంతే. మొదట్లో చెప్పిన ఇద్దరిలో ఒకళ్ళకి బాగుండి ఇంకొకళ్ళకి బాలేకపోడానికి చాలాసార్లు కారణం ఇంతే, వాళ్ళు వాడిన వేళలు వేరు.

## కొండ, ఇనుము, వాన

అలాస్కా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా తిట్టుకునేది ఇక్కడ. భూస్థిర శాటిలైట్ భూమధ్యరేఖ మీద ఉంటుందని చెప్పుకున్నాం కదా, మనం ఉత్తరానికి పోయేకొద్దీ అది ఆకాశంలో కిందకి దిగిపోతుంది. విశాఖపట్నంలో నిలబడితే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న శాటిలైట్ సుమారు 69 డిగ్రీల ఎత్తున, దాదాపు నెత్తి మీద ఉంటుంది. అలాస్కాలో జూనో దగ్గర, శాటిలైట్ సరిగ్గా దక్షిణాన ఉందనుకున్నా, 24 డిగ్రీలే. నార్వేలో గీరాంగర్ ఫియర్డ్‌లో 20 డిగ్రీలు, అక్కడ షిప్ ఇరుకు నీటి సందులో పోతుంటే రెండు పక్కలా వెయ్యి మీటర్ల పైన కొండలు నిటారుగా లేచి ఉంటాయి, 20 డిగ్రీల్లో ఉన్న శాటిలైట్ కొండ వెనక్కి పోయినట్టే. ఇంకా పైకి స్వాల్‌బార్డ్ పోతే 3 డిగ్రీలు, అంటే క్షితిజాన్ని రాసుకుంటూ ఉంటుంది, పెద్ద అల అడ్డం వచ్చినా కష్టమే.

స్టార్‌లింక్ శాటిలైట్లు అన్ని దిక్కులా తిరుగుతుంటాయి కాబట్టి ఈ బాధ చాలా తగ్గింది, కానీ పోలేదు, ఆకాశంలో సగం కొండలు మూసేస్తే కనిపించే శాటిలైట్లు తగ్గి మధ్యమధ్యలో తెగుతుంది. అలాస్కాలో గ్లేసియర్ బే లాంటి చోట షిప్ రోజంతా మంచుగడ్డల మధ్య తిరుగుతుంది, రేవు లేదు, ఫోన్ టవర్ ఆసరా కూడా లేదు, సరిగ్గా అదే రోజు అందరూ లైవ్ పెట్టాలని చూస్తారు.

వాన సంగతి చిన్నదే. శాటిలైట్లు వాడే రేడియో తరంగాల్లో సీ, కూ, కా అని రకాలున్నాయి, వాటినే బ్యాండ్‌లంటారు. పాత సీ బ్యాండ్ డిష్‌లు, రెండున్నర మీటర్ల దాకా ఉండేవి, వానకి పెద్దగా జంకవు. కూ బ్యాండ్, ఇంకా ఎక్కువగా కా బ్యాండ్, గట్టి వానలో సిగ్నల్ పోగొట్టుకుంటాయి, వానొస్తే ఇంట్లో డిష్ టీవీ ఆగిపోయే కారణమే.

ఇనుము సంగతి మాత్రం జనం పట్టించుకోరు. షిప్ మొత్తం స్టీలు, క్యాబిన్ గోడలు కూడా చాలావరకు లోహపు పలకలే, వైఫైకి ఇంతకన్నా శత్రువు లేదు. కొత్త షిప్పుల్లో క్యాబిన్ క్యాబిన్‌కీ వైఫై బాక్స్ పెడుతున్నారు, పాతవాటిలో కారిడార్‌లో ఒకటి పెట్టి పది క్యాబిన్లకి సరిపెట్టారు. దాంతో పైన శాటిలైట్ లింక్ చక్కగా ఉన్నా గది మూలన మంచం మీద పడుకున్నవాళ్ళకి సిగ్నల్ ఒక్క గీత. అదే మనిషి తలుపు దగ్గరకొచ్చినా, పైడెక్ లాంజ్‌లో కూర్చున్నా మెసేజ్‌లు టకటకా పోతాయి, శాటిలైట్‌లో ఏమీ మారకుండానే.

## సముద్రంలో కనపడని గీతలు

ఇది చాలామందికి తెలియని కోణం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. ఆ గీత లోపల ఆ దేశపు టెలికాం చట్టం వర్తిస్తుంది. ఏ దేశంలో శాటిలైట్ కంపెనీకి లైసెన్స్ లేదో అక్కడ షిప్ ఆ సర్వీస్ ఆపేసుకోవాలి. చైనాలో స్టార్‌లింక్‌కి అనుమతి లేదు కాబట్టి అక్కడి రేవుకి పోయే షిప్‌లో, అప్పటిదాకా బాగున్న నెట్ సరిగ్గా ఊరు కనపడే వేళకి పోతుంది. ప్రయాణికులకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, నడిసముద్రంలో ఉండి, ఒడ్డుకొచ్చాక పోవడం ఏంటని.

పాత డిష్‌లకీ ఇలాంటిదే ఉంది. షిప్ యాంటెన్నా వల్ల నేల మీద మైక్రోవేవ్ లింకులు చెడకుండా 2003 ప్రపంచ రేడియో సదస్సులో ఒక తీర్మానం చేశారు, ఆయా దేశాల ఒప్పుకోలు లేకుండా సీ బ్యాండ్ అయితే తీరం నుంచి 300 కిలోమీటర్ల లోపు, కూ బ్యాండ్ అయితే 125 కిలోమీటర్ల లోపు వాడకూడదని.

మన దేశంలో 2018 డిసెంబరులో విమానాల్లో, ఓడల్లో నెట్ కోసం విడిగా నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం మన జలాల్లో ఉన్న ఓడ ట్రాఫిక్ భారత్‌లోనే ఉన్న శాటిలైట్ గేట్‌వేలోంచి, అంటే గ్రౌండ్ స్టేషన్‌లోంచి పోవాలి, భద్రతా సంస్థలు చూడాలంటే చూసే వీలు ఉండాలని. 2019లో టాటా గ్రూపు కంపెనీ నెల్కో ఈ లైసెన్స్ కింద ఓడలకి బ్రాడ్‌బ్యాండ్ మొదలెట్టింది. స్టార్‌లింక్‌కి టెలికాం శాఖ లైసెన్స్ 2025 జూన్‌లో వచ్చింది. చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య కార్డేలియా కంపెనీ ఎంప్రెస్ షిప్ ఎక్కేవాళ్ళకి ఈ తేడా తెలియాలి, ఆ ప్రయాణం మన తీరం పక్కనే కాబట్టి కరీబియన్ వెళ్ళొచ్చినవాళ్ళ అనుభవాన్ని తెచ్చి దీనికి అంటగట్టలేం. ఆ ఎంప్రెస్ షిప్ 1990లో కట్టింది, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌ది, వైఫై అనే మాట పుట్టకముందు గీసిన డిజైన్.

## ప్యాకేజీ, ఫోన్ బిల్లు: రెండూ వేరు

ఒకప్పుడు షిప్‌లో నెట్ నిమిషాల లెక్కన అమ్మేవాళ్ళు, నిమిషానికి 75 సెంట్లు అలా. పేజీ తెరుచుకునేలోపే డాలర్ అయిపోయేది. ఇప్పుడు రోజుల లెక్క, రోజుకి 20 డాలర్ల పైనే, పెద్ద ప్యాకేజీ 30 దాటడం మామూలే, అదీ ఒక్క ఫోన్‌కి. వారం క్రూజ్‌కి రోజుకి 25 అంటే 175 డాలర్లు, సరే అనుకుంటాం. 120 రోజుల వరల్డ్ క్రూజ్‌కి అదే 25 వేస్తే 3,000 డాలర్లు, ఒక్క మనిషికి.

చవక ప్యాకేజీ అంటే స్పీడ్ తక్కువది అనుకుంటారు, చాలాసార్లు అది కాదు తేడా. కొన్ని యాప్‌లకే తలుపు తీసి మిగతావి మూసేస్తారు. మెసేజ్ పోతుంది కానీ ఆ మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కితే తెరుచుకోదు, కాల్ కలవదు. ఏ సర్వర్‌కి పోతున్నారో చూసి ఆపుతారు, అందుకే వీపీఎన్ (మన డేటాని దాచి ఇంకో సర్వర్ ద్వారా పంపే యాప్) అంటే వాళ్ళకి పడదు, వీపీఎన్ పెడితే లోపల ఏ యాప్ నడుస్తోందో కనపడదు మరి.

అసలు ప్రమాదం ఈ ప్యాకేజీ కాదు, ఫోన్ బిల్లు. చాలా షిప్పుల్లో వైఫై కాకుండా సొంత మొబైల్ టవర్ కూడా ఉంటుంది, తీరం దాటాక ఆన్ చేస్తారు. ఫోన్‌లో ఏదో "ఎట్ సీ" అని వచ్చే పేరు అదే. ఇది ఏ దేశపు నెట్‌వర్కూ కాదు, మనం కొనుక్కున్న అమెరికా రోమింగ్ ప్యాక్‌లోనో సింగపూర్ ప్యాక్‌లోనో చాలాసార్లు ఉండదు. ఎంబీకి 400 రూపాయలు అనుకోండి, మీరు ఫోన్ ముట్టుకోకపోయినా గ్యాలరీ బ్యాకప్ వెనకాల నాలుగు ఫొటోలు ఎక్కించింది, ఒక్కోటి 3 ఎంబీ, మొత్తం 12 ఎంబీ, 4,800 రూపాయలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయమని అందరూ అనేది ఈ టవర్ గురించే.

దాంతో ఇంకో ముడి పడుతుంది మనవాళ్ళకి. బ్యాంక్ ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది, ఎస్సెమ్మెస్ మామూలుగా వైఫై మీద రాదు, మొబైల్ నెట్‌వర్క్ మీద వస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే, వైఫై కాలింగ్ పనిచేస్తే తప్ప, రాదు. రోమింగ్ ఆన్ చేసి డేటా ఆఫ్‌లో ఉంచితే రావొచ్చు, అదీ ఆ షిప్ నెట్‌వర్క్‌తో మన ఆపరేటర్‌కి ఒప్పందం ఉంటేనే, ఆ టైమ్‌లో ఎవరైనా కాల్ చేసి మనం ఎత్తితే నిమిషాల లెక్కన పడుతుంది. ఇంకోటి, షిప్ నెట్ ఏ దేశపు గ్రౌండ్ స్టేషన్‌లో దిగితే మన ఫోన్ ఆ దేశంలో ఉన్నట్టు కనపడుతుంది, బ్యాంక్ యాప్ అనుమానపడి తలుపేసేది అందుకే. పాపం దాని తప్పూ లేదు.

## అదే నెట్‌లో ఒక యాప్ బతికి ఇంకోటి ఎందుకు చస్తుంది

వాట్సాప్ మెసేజ్ చిన్నది, పైగా దానికి తొందర లేదు. ఇప్పుడు పోకపోతే ఫోన్‌లోనే దాచుకుని లైన్ దొరికినప్పుడు పంపుతుంది. వాయిస్ మెసేజ్ కూడా అంతే, రికార్డ్ చేసేటప్పుడు నెట్ అక్కర్లేదు, తర్వాత మెల్లగా పోతుంది, అవతలివాళ్ళకి మాత్రం మాట తెగకుండా వినిపిస్తుంది. అదే మాటని కాల్‌లో చెప్పాలంటే ప్రతి క్షణం రెండు వైపులా దారి తెరిచి ఉండాలి. అందుకే ఆలస్యం ఎక్కువున్న షిప్‌లో నాన్నతో కాల్ మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి "హలో" అని ఇద్దరూ ఒకేసారి ఆగుతుంటారు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం హాయిగా నడుస్తాయి.

ముందే డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలకి ఒక మెలిక ఉంది. ఆ ఫైల్‌కి లైసెన్స్ గడువు ఉంటుంది, కొన్నిటికి చూడ్డం మొదలెట్టిన 48 గంటలే. గడువైతే యాప్ మళ్ళీ నెట్‌లో పోయి అడగాలి. వారం క్రూజ్‌లో ఇది తక్కువగా తగులుతుంది, నెల రోజుల ప్రయాణంలో ఎక్కువగా తగులుతుంది. మ్యాపులు, పుస్తకాలు, పాటల ఫైళ్ళు సొంతంగా ఉంటే ఈ గొడవ లేదు.

షిప్ నుంచి ఆఫీస్ పని చేయొచ్చా అన్నదాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. స్టార్‌లింక్ ఉన్న షిప్‌లో మీటింగులు కూడా నడిపాం అనేవాళ్ళు ఉన్నారు. మీటింగ్‌కి సగటు స్పీడ్ కాదు, ఒక్క నిమిషం కూడా తెగకపోవడం ముఖ్యం, అది షిప్‌లో ఎవరూ రాసివ్వరు అనేవాళ్ళు ఉన్నారు. ఈమెయిల్, కోడ్ రాసి తర్వాత పంపడం లాంటి పనికి మొదటివాళ్ళ మాట నిజం, ఆన్‌కాల్ డ్యూటీకి రెండోవాళ్ళదే నిజం.

## ఇంత డబ్బు ఎందుకు తీసుకోవాలి అన్న వాదన

హోటల్లో వైఫై ఉచితం, షిప్‌లో ఎందుకు కాదు అని ప్రయాణికులు అడుగుతారు. కంపెనీల జవాబు, హోటల్‌కి ఫైబర్ చవక, మాకు శాటిలైట్ డేటా అలా కాదు, అందరికీ ఉచితం చేస్తే అందరూ వాడి ఎవరికీ పనిచేయదు అని. ఇందులో కొంత నిజం ఉంది, పైన చేసిన 600 ఎంబీపీఎస్ లెక్క అదే చెప్తోంది. కానీ శాటిలైట్ డేటా ధరలు ఈ కొద్ది ఏళ్ళలో బాగా పడ్డాయి, ప్యాకేజీ ధర అంత పడలేదు, ఇది కూడా నిజమే.

ఈ వాదనలో తరచు మర్చిపోయేది సిబ్బందిని. ప్రయాణికుడికి వారం నెట్ లేకపోతే చిరాకు, ఆరు నెలలు, తొమ్మిది నెలలు షిప్ మీదే ఉండేవాళ్ళకి అది పెళ్ళాం పిల్లలతో ఉన్న ఒక్క దారి. వాళ్ళలో మనదేశం వాళ్ళు చాలామంది, విశాఖ వైపు నుంచి సముద్రం ఉద్యోగాలకి పోయేవాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు. నావికుల పని పరిస్థితుల మీద 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌కి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి, నావికులకి నెట్ సదుపాయం ఉండాలని, ఛార్జీ తీసుకుంటే అది సమంజసంగా ఉండాలని వాటిలో ఉంది. ఎంత అయితే సమంజసం అన్నది మాత్రం అంకెల్లో చెప్పలేదు, ఓడల యజమానులకీ యూనియన్లకీ పేచీ అక్కడే.

## ఫోన్ నేరుగా శాటిలైట్‌తో మాట్లాడితే సరిపోదా

ఇప్పుడు అందరూ అడిగేది ఇది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి టవర్ లేని చోట శాటిలైట్‌తో అత్యవసర మెసేజ్ పంపే ఏర్పాటు ఉంది. అమెరికాలో టీమొబైల్ అనే ఫోన్ కంపెనీ 2025 జులైలో స్టార్‌లింక్ శాటిలైట్లతో మామూలు ఫోన్లకే మెసేజ్ సర్వీస్ తెచ్చింది. కానీ ఇవి అడవుల్లో, కొండల్లో నెట్‌వర్క్ లేనివాళ్ళ కోసం చేసినవి. ఐఫోన్ వాడే గ్లోబల్‌స్టార్ శాటిలైట్లకి లేజర్లు లేవు, ఫోన్ చెప్పింది అప్పటికప్పుడే కిందున్న గ్రౌండ్ స్టేషన్‌కి దింపాలి, నడి పసిఫిక్‌లో కింద స్టేషన్ ఉండదు. 62 డిగ్రీల అక్షాంశం దాటితే పనిచేయకపోవచ్చని ఆపిల్ కంపెనీయే చెప్తోంది, అంటే అలాస్కా పైభాగం పోయింది. పైగా తెరిచిన ఆకాశం కింద నిలబడి ఫోన్‌ని శాటిలైట్ వైపు చూపించాలి, క్యాబిన్‌లోంచి కుదరదు.

ఇవన్నీ కాదని విడిగా శాటిలైట్ ఫోనో, శాటిలైట్ మెసెంజరో కొనుక్కుని ఎక్కేవాళ్ళు కూడా ఉన్నారు. నడిసముద్రంలో అది బాగానే పనిచేస్తుంది, షిప్ కంపెనీ ఒప్పుకుంటే. చివరి రేవు ముంబయో, కొచ్చినో, గోవానో అయితే మాత్రం వేరే కథ, టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇలాంటివి తెచ్చి మన విమానాశ్రయాల్లో అరెస్టయిన విదేశీ టూరిస్టులు ఉన్నారు.